బాతు వేట కిట్, అందులోని తెలుగు గైడుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ కిట్‌లో ఇచ్చిన మ్యాగజైన్ ప్లగ్, స్పీకర్, తెలుగు గైడు, వంట కార్డులో ఉన్న తప్పుల గురించి.

అయ్యా,

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల కోసమంటూ మీరు అమ్ముతున్న బాతు వేట కిట్ కొన్నాం. అందులో నాలుగు వస్తువులున్నాయి. నాలుగింటిలోనూ తప్పులే. డబ్బు వాపసు ఇచ్చేస్తే తీరిపోయే గొడవ కాదిది. ఈ గైడు పట్టుకుని మొదటిసారి నీళ్లలోకి దిగే కొత్తవాళ్లు తెలియకుండానే ఫెడరల్ నేరం చేస్తారు. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద మామూలు ఉల్లంఘనకే 15,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. వేట నిబంధనలు తనిఖీ చేసే అధికారి (వార్డెన్) వచ్చి అడిగితే ‘గైడులో ఇలాగే రాసుందండీ’ అంటే వినడు. అందుకే సీజన్ మొదలవకముందే ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ప్లగ్ సంగతి, అంటే తుపాకీలో ఎక్కువ షెల్స్ (తూటాలు) పట్టకుండా పెట్టే అడ్డు. బాతుల వేటలో షాట్‌గన్ మూడు షెల్స్‌కి మించి పట్టకూడదు. మ్యాగజైన్‌లో (షెల్స్ నిల్వ ఉండే గొట్టం) రెండు, చాంబర్‌లో (షెల్ పేలే గది) ఒకటి, అంతే. అంతకన్నా ఎక్కువ పట్టే తుపాకీకి ఒకే ముక్కగా ఉండే ప్లగ్ పెట్టాలి. తుపాకీ విప్పితే తప్ప అది బయటికి రాకూడదు. మీ ప్లగ్ ఒకే ముక్క, అంతవరకు బాగుంది. కానీ అది పొట్టిది. 3½ అంగుళాల షెల్స్‌తో చూస్తే మ్యాగజైన్‌లో సరిగ్గా రెండే పడుతున్నాయి. మీవాళ్లు పరీక్షించింది కూడా ఆ షెల్స్‌తోనేమో. అదే తుపాకీలో 2¾ అంగుళాలవి పెట్టి చూడండి, మూడోది కూడా సాఫీగా లోపలికి వెళ్లిపోయి లాచ్ పడుతుంది. చాంబర్‌లోదానితో కలిపితే నాలుగు. వార్డెన్లు తమ దగ్గరున్న షెల్స్‌తో తోసి చూస్తారు, వేటగాడు ఆ రోజు ఏ షెల్స్ తెచ్చాడన్నది అక్కడ లెక్కలోకి రాదు. ప్లగ్ పొడవుని ఎప్పుడూ ఆ తుపాకీలో పట్టే అతి పొట్టి షెల్‌తోనే కొలవాలి. ఒకే ప్లగ్ ‘అన్ని 12 గేజ్ తుపాకులకూ సరిపోతుంది’ అని డబ్బా మీద వేయడమే అసలు తప్పు. మ్యాగజైన్ గొట్టం పొడవు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. కాస్త పొడుగు ప్లగ్ ఇచ్చి, ఎక్కడ కోసుకోవాలో గీతలు పెడితే సరిపోయేది.

గైడు 11వ పేజీలో ‘చెరువు మీద స్టీల్ గుళ్లు, పొలంలో సీసం గుళ్లు’ అని రాశారు. ఇది పూర్తిగా తప్పు. 1991 నుంచి దేశమంతటా బాతులు, గీస్ (పెద్దబాతులు), కూట్ అనే నీటిపక్షుల వేటకి సీసం నిషేధం. నీళ్లున్నా లేకున్నా ఒకటే రూలు. కాల్చడం దాకా అక్కర్లేదు, ఆ వేటలో ఉండగా జేబులో సీసం షెల్ ఒక్కటి దొరికినా ఉల్లంఘనే. పాత కోటు జేబులో మర్చిపోయిన పావురాల వేట షెల్‌తో ఇరుక్కునేవాళ్లు ఇందుకే ఉంటారు. ఈ హెచ్చరిక గైడులో లేదు. నిషేధం ఎందుకొచ్చిందో కూడా రెండు ముక్కలు చెప్పి ఉండాల్సింది. బాతులు మేత అరగడానికి ఇసుక రాళ్లు మింగుతాయి, వాటితోపాటు బురదలో పడున్న సీసం గుళ్లనీ మింగుతాయి. ఆ గుళ్లు కందనకాయలో నలిగి రక్తంలోకి చేరి, పిట్ట నీరసించి చచ్చిపోతుంది.

ఆ పక్కనే ఉన్న గుళ్ల సైజు పట్టిక సీసం రోజుల నాటిది. స్టీల్ సాంద్రత సుమారు 7.8, సీసానిది 11.3. అంత తేలికైన గుండు త్వరగా వేగం కోల్పోతుంది కాబట్టి రెండు సైజులు పెద్దది తీసుకోవాలి. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది, కాబట్టి సీసంలో 4 నంబరు వాడే చోట స్టీల్‌లో 2 నంబరు అన్నమాట. మీ పట్టిక నమ్మి స్టీల్ 6 నంబరుతో దూరంగా ఉన్న మల్లార్డ్ బాతుని కొడితే అది పడదు, గాయంతో ఎగిరిపోయి ఎక్కడో రెల్లులో చస్తుంది. మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ పట్టికే. స్టీల్‌తో 35, 40 గజాలు దాటి కాల్చొద్దని పెద్ద అక్షరాలతో వేయండి. పాత తుపాకుల్లో, ఫుల్ చోక్‌లో (గొట్టం కొన బాగా ఇరుకుగా ఉండేది) పెద్ద స్టీల్ గుళ్లు వాడితే గొట్టం దెబ్బతింటుందని కూడా చెప్పండి. అలాంటి తుపాకులున్నవాళ్లకి బిస్మత్ అనే మెత్తటి లోహపు గుళ్లున్నాయి.

సీజన్ పేజీలో ‘107 రోజులు, రోజుకి 7 బాతులు’ అని దేశమంతటికీ కలిపి ఒకే వాక్యం రాశారు. అది పసిఫిక్ ఫ్లైవే (పక్షుల వలస దారుల్ని బట్టి విడదీసిన ప్రాంతాల్లో పడమటిది) లెక్క. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఫర్వాలేదు. న్యూజెర్సీ అట్లాంటిక్ ఫ్లైవేలో ఉంది, టెక్సస్ సెంట్రల్‌లో ఉంది. ఇటీవలి సీజన్లలో అట్లాంటిక్, మిసిసిపీ ఫ్లైవేలకి 60 రోజులు, సెంట్రల్‌కి 74 రోజులు, అందులో పడమటి హై ప్లెయిన్స్ వైపు ఇంకొన్ని ఎక్కువ. ఈ మూడింట్లోనూ రోజుకి 6 బాతులే. మీ గైడు చదివి న్యూజెర్సీలో ఏడోది కొట్టినవాడు లిమిట్ దాటినట్టే. పైగా ఆ ఆరింటిలో ఏ జాతివి ఎన్ని అన్న లోపలి లెక్క ఉంటుంది. మల్లార్డ్‌లలో ఆడవి రెండుకి మించకూడదన్నది అందులో ముఖ్యమైనది. అది మీరు ముట్టుకోనే లేదు. పిన్‌టెయిల్ అనే బాతు రోజుకి ఒకటి అని వేశారు, 2025-26లో దాన్ని మూడుకి పెంచారు. ఈ అంకెలు ఏటా మారతాయి. అచ్చు పుస్తకంలో అంకె వేసేటప్పుడు పక్కన ఏ సీజన్‌దో వేయాలి, మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఈ ఏటి పుస్తకం చూసుకోండి అని ఒక్క వాక్యం రాయాలి.

బాతుల వేటకి కొనాల్సిన ఫెడరల్ డక్ స్టాంప్ గురించి: 16 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకీ అది కావాలి, 25 డాలర్లు, జులై 1 నుంచి జూన్ 30 దాకా చెల్లుతుంది. కాగితం స్టాంప్ అయితే దాని మీద సిరాతో అడ్డంగా సంతకం చేయాలి. సంతకం లేని స్టాంప్ జేబులో ఉన్నా లేనట్టే. గైడులో ఈ మాట లేదు. ఆన్‌లైన్ స్టాంప్ 45 రోజులే చెల్లుతుందని రాశారు, అది పాత నియమం, చట్టం మారిపోయింది. రాష్ట్ర లైసెన్స్, వేటాడే ప్రతి రాష్ట్రంలో విడిగా చేసుకోవాల్సిన హెచ్‌ఐపీ (వలస పక్షుల వేట సమాచార కార్యక్రమం) నమోదు కూడా చేర్చండి.

స్పీకర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బాతుల వేటలో ఎలక్ట్రానిక్ కూత నిషిద్ధం. స్నో గీస్‌ని తగ్గించడానికి ప్రత్యేక ఉత్తర్వు నడిచే రోజుల్లాంటి కొన్ని మినహాయింపుల్లో తప్ప దాన్ని సంచిలోంచి తీయకూడదు. కిట్‌లోంచి తీసేసి నోటితో ఊదే కాల్ పెట్టండి. ‘వారం ముందు మొక్కజొన్న చల్లి, వేటనాడు ఊడ్చేయండి’ అన్న 23వ పేజీ సలహా ఇంకా ప్రమాదం. చివరి గింజ దాకా తీసేశాక కూడా పది రోజులపాటు ఆ చోటు ఎర వేసిన చోటు కిందే లెక్క, అక్కడ వేటాడకూడదు.

ఇప్పుడు 31వ పేజీ. బొమ్మలతో సహా చూపించారు: పిట్ట పడ్డ చోటే రొమ్ముకండలు రెండూ కోసి సంచిలో వేసుకుని, మిగతాది వదిలేయమని. ఇంటికో, మాంసం శుద్ధిచేసే చోటుకో చేరేదాకా ప్రతి బాతుకీ తల గానీ, ఈకలన్నీ ఉన్న ఒక రెక్క గానీ అతుక్కుని ఉండాలి. సంచిలో ఎర్రటి కండ ముక్కలు మాత్రమే ఉంటే అవి ఏ జాతివో, ఆడో మగో ఎవరు తేలుస్తారు? పైన చెప్పిన జాతుల లెక్క అంతా ఆ రెక్క మీదే నిలబడి ఉంది. మల్లార్డ్ రెక్క విప్పి చూస్తే నీలం పట్టీ, దానికి రెండు పక్కలా తెల్ల గీతలు కనిపిస్తాయి, ఎవరైనా గుర్తుపడతారు. ఆ బొమ్మ వేసి ఉంటే పేజీకి సార్థకత ఉండేది. పిట్టల్ని స్నేహితుడి ఇంట్లోనో, శుద్ధిచేసే చోటో వదిలితే వేటగాడి సంతకం, చిరునామా, జాతులు, సంఖ్య, చంపిన తేదీ రాసిన ట్యాగు ఉండాలన్నదీ చేర్చండి.

ఇక వంట కార్డు. ‘బాతుని ముక్కలు కొట్టి కుక్కర్‌లో నాలుగు విజిల్స్’ అంటే ఫారం బాతుకి ఏమోగానీ అడవి బాతుకి కుదరదు. వేల మైళ్లు ఎగిరే పిట్ట అది. రొమ్ము ముదురు ఎరుపుగా ఉంటుంది, కొవ్వు కండలో కాక చర్మం కింద ఉంటుంది. తొడల నిండా నరాలు. రెండూ కలిపి వండితే రొమ్ము బూడిదరంగుకి తిరిగి, పొడిపొడిగా, కాలేయం రుచికి వస్తుంది, తొడలేమో అప్పటికీ రబ్బరులా సాగుతూనే ఉంటాయి. విడిగా వండటం ఒక్కటే దారి. తొడల్ని ఉల్లిపాయ, అల్లం, మసాలాతో మూతపెట్టి సన్నసెగ మీద రెండు, మూడు గంటలు, ఎముక నుంచి కండ ఊడివచ్చేదాకా ఉంచాలి. రొమ్ముని తడి తుడిచి, చర్మం మీద కండకి తగలకుండా గాట్లు పెట్టి, ఉప్పు రాసి, చల్లటి పెనంలో చర్మం కిందకి పెట్టి అప్పుడు మంట వెలిగించాలి. పెనం ముందే కాలి ఉంటే చర్మం మాడుతుంది, కొవ్వు మాత్రం కరగదు. చాలామంది వేటగాళ్లు రొమ్ముని 135 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర దించి గులాబీ రంగులో తింటారు. అధికారిక సూచన మాత్రం 165 డిగ్రీలు, పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) తిరుగుతున్న ఈ రోజుల్లో కార్డు మీద ఆ అంకే ఉండాలని మా అభిప్రాయం. పొడిబారకుండా అక్కడికి చేర్చడానికి ఉపాయం ఉంది. రొమ్ముని పలచగా కోసి, తొడల గ్రేవీ తయారయ్యాక ఆఖర్న అందులో వేసి, లోపల ఎరుపు పోగానే దించేయాలి.

ఈకలు పీకడానికి మరుగుతున్న నీళ్లు పోయమన్నారు. చర్మం ఉడికిపోయి చిరుగుతుంది. నీళ్లు 150 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటే చాలు, అందులో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేస్తే బాతు ఈకల జిడ్డుని దాటి లోపలికి దిగుతాయి. తోక పైనున్న నూనె గ్రంథి కోసేయమని ఎక్కడా లేదు, ఉంచితే ఆ చేదు వాసన కూరంతా పడుతుంది. చేపలు, నత్తలు తినే మెర్గాన్సర్ బాతు లాంటి వాటి నీచు వాసనకి వెనిగర్ పోయమన్నారు. వాసన ఉండేది కొవ్వులో. చర్మం, కొవ్వు పూర్తిగా తీసేసి, లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పుతో ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. గుండు దూసుకెళ్లిన దారిలో ఈకలు ఇరుక్కుని ఉంటాయి, పట్టకారుతో లాగేయాలి. స్టీల్ గుళ్లని అయస్కాంతం పట్టిస్తుంది, బిస్మత్‌ని పట్టించదు కాబట్టి వేళ్లతో నొక్కి వెతకాల్సిందే, లేకపోతే పన్ను విరుగుతుంది.

జబ్బుగా కనిపించే పిట్టని ముట్టుకోవద్దని, తొడుగులు వేసుకుని ఆరుబయట శుభ్రం చేయాలని, కత్తి, బల్ల కడిగాక గ్యాలన్ నీళ్లకి మూడోవంతు కప్పు బ్లీచ్ కలిపి తుడవాలని, ఇంట్లో కోళ్లుంటే వాటి దగ్గరికి ఆ బూట్లతో వెళ్లొద్దని ఒక పేజీ కేటాయించండి.

మేం అడిగేవి ఇవి. ఈ కిట్ అమ్మకం వెంటనే ఆపండి. ఇప్పటికే కొన్నవాళ్లందరికీ ప్లగ్ పొట్టిదని, సీసం పేజీ, 23, 31 పేజీలు పాటించొద్దని తెలుగులోనే ఈమెయిల్ పంపండి. మోడల్‌కి తగిన ప్లగ్ ఉచితంగా మార్చి ఇవ్వండి. కొత్త గైడు అచ్చుకి వెళ్లేముందు ఫెడరల్ నిబంధనలు తెలిసినవాళ్లతో ప్రతి అంకె సరిచూపించండి. కావాలంటే పేజీవారీ దిద్దుబాట్లు మేమే రాసి పంపుతాం, దానికి డబ్బు అక్కర్లేదు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే రాష్ట్ర వన్యప్రాణి శాఖకీ, వినియోగదారుల విభాగానికీ ఈ ఉత్తరం నకలు, ప్లగ్‌లో మూడో షెల్ దిగుతున్న వీడియో పంపుతాం.

ఇట్లు,
మీ కిట్ కొన్న తెలుగు బాతు వేటగాళ్లు

జతపరిచినవి: రసీదు నకలు, 11, 23, 31 పేజీల ఫోటోలు, వంట కార్డు, ప్లగ్ వీడియో