సజ్జ మీది ప్యాడ్

బిడ్డా,

మొన్న ఫోన్ల మీ అమ్మ చెప్పిందంట గదా, నాయిన ఆయితారం నాడు వేరే చర్చికి పోయి మూడు గంటలు కూసున్నడని, నువ్వు మస్తు నవ్వినవంట. నవ్వితే నవ్వినవు గానీ ఆమె చెప్పింది సగమే, ఆమెకు తెలిసిందే సగం, మిగిలింది నేను చెప్పాలె, ఫోన్ల నాకు మాటలు సక్కగ రావని నీకు ఎరుకే. అందుకే రాత్రి తొమ్మిదిన్నరకు కూసుని ఒక్క వేలితోటి టైపు చేస్తున్న, ఎప్పుడు ఒడుస్తదో తెల్వది, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

అసలు నేను పోదామని పోలే. మీ పెద్దత్తకు మోకాలు ఆపరేషన్ అయినకాంచి ఆటో ఎక్కుడు దిగుడు కష్టమైతున్నది, వాళ్లోడు డ్యూటీకి పోయిండు, తమ్మీ జర నన్ను చర్చిల దింపిపోరా అన్నది. రెండేండ్ల సంది ఆమె పోయేది గా భూత్పూర్ రోడ్డు దిక్కు రేకుల షెడ్డుకే. డ్రమ్ముల చర్చి అని నేను ఎన్నిసార్లు ఎక్కిరించిన్నో నీకు యాదుంటది. సరే, దింపుత, బయట యాపచెట్టు కింద పేపర్ చదువుకుంట కూసుంట, అయిపోయినంక తీస్కపోత, గంతే అని ముందే చెప్పిన. ముప్పై ఏండ్లు బస్సు నడిపినోనికి బయట కూసునుడు కొత్త గాదు.

ఐదు నిమిషాలు గూడ కూసోనియ్యలే. బండ్లు వరుసగ పెట్టిస్తున్న పొరగాడు ఒకడు కుర్చీ పట్టుకొచ్చి తాతా కూసో అన్నడు. తాత అనుడేందిరా, అరవై రెండుకే తాతనా! ఇంకోడు చాయ్ తెచ్చిండు. చాయ్ తాగినంక మొహం తిప్పుకుని బయటనే ఉంటె మంచిగుండది గదా, గదే వాళ్ల తెలివి అనుకుంట. ఇగ నాలుగు సినుకులు పడ్డయి, తర్వాత వాన దబదబ వట్టుకున్నది, పేపర్ నెత్తిన పెట్టుకుని చెప్పులిడిసి లోపలికి ఉరికిన.

లోపల చాపలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఆడోళ్లు ఎడమ పక్క కొంగు నెత్తిమీద కప్పుకుని, మగోళ్లు కుడి పక్క, ముందటి గోడకు ఈ ఏటి వాగ్దాన వాక్యం బ్యానర్. మనోళ్ల లెక్కనే ఉన్నది, అంత వేరేం లేదు. రేకుల మీద వాన సప్పుడు ఒకటి, దాని కింద స్పీకర్ల సప్పుడు ఒకటి, నిజం చెప్తున్న నా ఛాతి అదిరింది, కర్చీపు చెవులల్ల పెట్టుకుందామా అనుకున్న. జనం నిలబడి చప్పట్లు కొడుతున్నరు, ముసలోళ్లు గూడ, చిన్నపిల్లలు వాళ్ల సందుల నుంచి అటిటు ఉరుకుతున్నరు, ఎవరూ కసురుతలేరు. నా పక్కన ఒకాయన, చేతులు చూస్తే సిమెంటు పని అని తెలుస్తది, జరిగి నాకు జాగ ఇచ్చి పాటల పుస్తకం సగం నా దిక్కు పట్టిండు. స్క్రీన్ మీద పడుతనే ఉన్నయి పాటలు, అయినా పుస్తకం పట్టిండు. నేను పాడలే. నోరు కదిపిన, గంతే.

అప్పుడు చూసిన ప్యాడ్స్, గదే రబ్బరు పలకల కరెంటు డ్రమ్ములు, వాయించే పిల్లగాన్ని. టెన్త్ చదువుతుండొచ్చు. ఒళ్లంత చెమట, నాలిక మూలకు పెట్టుకుని వాయిస్తుండు. నువ్వు గూడ గట్లనే పెట్టుకునేటోనివి, మీ అమ్మ కొరుక్కుంటవురా నాలిక అని తిట్టేది. ఇగ వానిని చూసుకుంట మిగతాయన్ని మర్సిపోయిన.

నాలుగైదు జోరు పాటలయినంక పాస్టర్ గారు ఒక పాత కీర్తన అందుకున్నడు, మన దగ్గర హార్మోనియం మీద మెల్లగ పాడేదే, పుస్తకంల పాట మీద రాగం తాళం రాసుంటది చూడు, గా రకం పాట. వీళ్లు దీన్ని ఆగం చేస్తరు అనుకున్న. చేయలే. పిల్లగాడు ఏదో బటన్ నొక్కిండు, గా రబ్బరు పలకల నుంచి డోలక్ సప్పుడు వచ్చింది, రెండో చరణంల ఇంకేదో నొక్కిండు, బిడ్డా, డప్పు సప్పుడు. అచ్చం డప్పే, మంట కాడ కాపి తెచ్చినట్టు కణకణమని. నా చెయ్యి నా తొడ మీద కొట్టుకుంటున్నది, నాకు సోయి లేదు. పక్కన సిమెంటాయన చూసి నవ్విండు, గప్పుడు ఆపిన.

నీకు ముత్తాత సంగతి నేను ఎప్పుడూ పూర్తిగ చెప్పలే. మా తాత ఊర్ల డప్పు కొట్టేటోడు. పోచమ్మ పండుగైనా, సావైనా, పటేలు ఇంట్ల పెండ్లైనా పిలిస్తే పోవాలె, సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుని ముందర నడవాలె, పైసలు లేవు, కల్లం కాడ ఇన్ని గింజలు పోస్తరు గంతే. వెట్టి. ఆయన బాప్తిస్మం తీసుకున్నది పాలమూరు మిషన్ ఇంకా అమెరికా బాప్టిస్టు దొరల చేతిల ఉన్నప్పుడు, అంటె 1937ల మెన్నొనైట్ బ్రదరెన్ అనే ఇంకో మిషనోళ్ల చేతికి రాకముందు. నమ్ముకున్నంక ఇగ జాతరలకు కొట్టనన్నడు. ఆ ఏడు కల్లంల ఆయనకు గింజలు పోయలే. డప్పును గుంజకు తగిలిచ్చిండు, మల్ల దించలే, మా నాయిన చిన్నప్పుడు గూడ అది అట్లనే యాలాడేదంట, తోలు పురుగులు తిని, చెక్క కట్టు ఒక్కటే మిగిలిందంట. మా నాయిన గది చూసుకుంట పెరిగిండు, గుళ్ల, అంటె చర్చిల, సప్పుడు వద్దు, శాంతిగ పాడాలె అని మాకు నేర్పిండు. నేను నీకు గదే చెప్పిన. ముత్తాత ఇడిసింది వెట్టి. మేము దాన్ని డప్పు మీదికి నెట్టినం. గా షెడ్డుల వాన పడుతుంటె నాకు ఇది తట్టింది, ఇన్నేండ్లు ఎందుకు తట్టలేదో.

నువ్వు ఇంటర్ సెకండియర్ల ఉన్నప్పుడు పెండ్లిళ్లల్ల క్యాటరింగ్ పనికి పోయి తొమ్మిది వేలు జమజేసి సెకండ్ హ్యాండ్ ఆక్టోప్యాడ్ కొనుక్కొచ్చినవు. చర్చి పెద్దల మీటింగ్ల మీ పొరగాండ్లు గుళ్ల ప్యాడ్ వాయిస్తమని అడిగినప్పుడు అందరికన్నా ముందు వద్దన్నది నేనే. మిగతావాళ్లు చూద్దాంలే అన్నరు. నీకు ఈ ముచ్చట తెల్వదు, నువ్వు అందరూ కలిసి వద్దన్నరు అనుకున్నవు, నేను అట్లనే అనుకోనిచ్చిన. ఇంటికొచ్చినంక నువ్వు బైబిల్ తెరిసి 150వ కీర్తన నా ముందట పెట్టినవు, తంబుర, తాళాలు, నాట్యం అన్నీ ఉన్నయి చూడు నాయినా అన్నవు. నేను సదవలే. మూసి పక్కకు పెట్టిన. ఆ తర్వాత నువ్వు గుడికి వచ్చుడు తక్కువ చేసినవు, పూణె పోయినంక మొత్తమే బంద్ అయింది, మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు గానీ ఆమెకు తెలుసు.

ఇగ వాక్యం అయినంక కొత్తగ వచ్చినోళ్లు లేవుండ్రి అన్నరు. నేను తల దించుకున్న, మీ అత్త ఆడోళ్ల పక్కనుంచి చెయ్యి ఊపుకుంట మా తమ్ముడు మా తమ్ముడు అని అరిచింది. లేసిన. స్వాగతం పాట పాడిన్రు, చిన్నపిల్ల వచ్చి ఒక పెన్ను, గులాబీ పువ్వు ఇచ్చింది. ప్రార్థన అంశం ఏమన్నా ఉన్నదా అన్నా అని పాస్టర్ గారు మైకు నా మూతి కాడ పెట్టిండు. బీపీ ఉన్నది, షుగర్ ఉన్నది, గవన్నీ చెప్పొచ్చు. నా కొడుకు పూణెల ఉంటడు, ఆయితారం ఒక్కడే ఉంటడు అన్న. ఇగ మాట రాలే. అందరూ ఒక్కసారే గట్టిగ ప్రార్థన చేసుడు మొదలువెట్టిన్రు, గట్ల చేస్తే దేవునికి చెవుడా అని నేనే జోకులేసేటోన్ని గదా. నీ పేరు తెల్వని రెండు వందల మంది నీ గురించి లొల్లి పెట్టిన్రు బిడ్డా. నేను కండ్లు మూసుకుని నిలబడ్డ.

అన్నీ బాగున్నయని చెప్తలేను. సాక్ష్యాలు మస్తు లంబ అయినయి, ఒకామె తన ఇల్లు కట్టిన ముచ్చట పునాది నుంచి స్లాబు దాకా చెప్పింది. సౌండు తగ్గించుమని పోయేటప్పుడు పాస్టర్ గారికి చెప్పిన, ఆయన నవ్వి అందరూ గదే చెప్తరు అన్నడు.

నెలకు ఒక ఆయితారం ప్రేమ విందంట, మేం పోయింది అదే రోజు. వరుసగ చాపల మీద కూసోబెట్టి అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. సిమెంటాయన నా పక్కకే వచ్చిండు. పదేండ్లు పూణెల లేబర్ పని చేసిండంట, మా పాలమూరోళ్లం పోని సైటు ఉన్నదా అన్నా అన్నడు. నువ్వు హింజెవాడిల ఉంటవని చెప్తే బుక్క ఆపి, గాడ ఆఫీసు బిల్డింగులకు నేను కాంక్రీటు మోసిన అన్నడు, ఏ బిల్డింగ్, ఎన్ని అంతస్తులు అని అడగవట్టిండు, నాకేం తెలుసు. తెలుగు లేబరోళ్లు ఆయితారం సైటు కాడనే రేకుల కింద కూడేటోళ్లంట, గోలెం బోర్లించి కొట్టుకుంట పాడేటోళ్లంట. నిన్ను గాడికి పొమ్మని చెప్తలేను, పోవద్దనీ అంటలేను, ఆయన చెప్పిండని చెప్తున్న.

ఇంటికొచ్చినంక మీ అమ్మ పండుకున్నది చూసి స్టూలు వేసుకుని సజ్జ మీదికి ఎక్కిన. వెనక మూలకు ఉన్నది, నా పాత ఖాకీ అంగీల చుట్టి. నేను ఆ అంగీ పోయిందని డిపోల ఎంత ఎతికిన్నో. దుమ్ము లేదు, మంచిగనే ఉన్నది. గా చర్చి పిల్లగాని ప్యాడ్ల రెండు పలకలు పలుకుతలేవు, వాళ్లు అడగలే, నేనే చూసిన. నీది నిన్ను అడగకుండ ఎవరికీ ఇయ్య. నువ్వు వచ్చి వాయిస్తనంటె వాయించు, మన గుళ్లనైనా సరే, మీటింగ్ల ఈసారి నేను మాట్లాడుత, వద్దంటె వద్దు.

దీపావళి సెలవులకు వస్తే బాలానగర్ సీతాఫలాలు ఇంకా దొరుకుతయి, ముందుగాల చెప్తే మంచియి తెచ్చి పెడుత.

ఒకటి మర్సిన. ప్యాడ్ ఉన్నది గానీ అడాప్టర్ లేదు. సజ్జ అంత ఎతికిన, నీ పుస్తకాల డబ్బా గూడ చూసిన. వేరేది పెడితే కాలిపోతదని షాపోడు అన్నడు. ఏడ పెట్టినవో యాదికొస్తే మెసేజ్ పెట్టు, ఆయితారం లోపల.

నాయిన