సెప్టెంబర్ బర్గండి ట్రిప్‌లో దారి మారింది, ఎందుకో చెప్తాను

సెప్టెంబర్‌లో మాతో ఫ్రాన్స్‌లోని బర్గండికి సైకిల్ ట్రిప్ వస్తున్న అందరికీ నమస్కారం.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఈసారి మనం నివెర్నే కాలువ గట్టు మీద తొక్కడం లేదు. మొదటి మూడు రోజుల దారి పూర్తిగా మార్చేశాను. కార్లు తిరగని దారి అని మాటిచ్చి మీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాను. ఇప్పుడు ఆ మూడు రోజులూ పల్లె రోడ్ల మీద తొక్కాలి. వాటి మీద కార్లు చాలా తక్కువే, కానీ అసలు రావని మాత్రం చెప్పలేను. ఆఖరి మూడు రోజులు తొక్కే గివ్రీ–క్లూనీ పాత రైలు దారిలో, అంటే పట్టాలు తీసేసి సైకిళ్ల కోసం వేసిన బాటలో, ఏ మార్పూ లేదు.

దీనికంతటికీ కారణం సైకిళ్లు. మాకు మొదటి నుంచీ సైకిళ్లు అద్దెకిస్తున్న షాపు ఒకటి ఉంది, పేరు రాయను. జనవరిలోనే మీ అందరి సైజులతో ఆర్డర్ ఇచ్చి సగం డబ్బు కట్టాను. 35 మిల్లీమీటర్ల టైర్లు, డిస్క్ బ్రేకులు అని రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేశారు. జూన్ చివర్లో నాలుగు లైన్ల మెయిల్ వచ్చింది. ఆ సైకిళ్లన్నీ అమ్మేశారట. కావాలంటే ఈ-బైకులు, లేదంటే 25 మిల్లీమీటర్ల టైర్లున్న రేసు సైకిళ్లు తీసుకోమన్నారు. సారీ అన్న మాట కూడా లేదు. ఫోన్ చేసి ఇంతమంది ప్లాన్ ఏం కావాలని అడిగితే అవతలి మనిషి అన్నది ఇది: “మీ ఇండియా వాళ్లు నెమ్మదిగా తొక్కుతారు కదా, బ్యాటరీ ఉంటే వాళ్లకే సుఖం.”

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఎవరి గురించి అన్నాడాయన? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద తెల్లారకముందే ప్రాక్టీస్ చేసి, ఆదివారం అనంతగిరి కొండలెక్కి వచ్చి, ఆ రైడ్ల స్క్రీన్‌షాట్లు నాకు పంపేవాళ్ల గురించి. నెమ్మదిగా తొక్కేవాళ్లూ మనలో ఉన్నారు, వాళ్లూ సొంత కాళ్ల మీదే వస్తామని పేరిచ్చారు. ఆ షాపుతో ఇక మాకు ఏ లావాదేవీ ఉండదు. కట్టిన డబ్బు వెనక్కి రప్పించే పని నడుస్తోంది. అది నా తలనొప్పి, మీకు సంబంధం లేదు.

రేసు సైకిళ్లు తీసుకుని టైర్లు మార్చుకోవచ్చుగా అని కొందరు అడిగారు. వాళ్లిస్తామన్న ఆ పాత ఫ్రేముల్లో 28కి మించి లావు టైరు పట్టదు. నివెర్నే కాలువ ఓసేర్ దగ్గర మొదలై 174 కిలోమీటర్లు సాగుతుంది. మోర్వాన్ అడవుల కట్టెలు పారిస్‌కి చేరవేయడానికి తవ్వించిన కాలువ అది. గట్టు మీద కొన్నిచోట్ల నున్నటి తారు, కొన్నిచోట్ల కంకర, ఇంకొన్నిచోట్ల ఉత్త గడ్డిబాట. వాన పడిందంటే కంకర మీద సన్నటి టైరు జారి మనిషి నేరుగా నీళ్లలో పడొచ్చు. సార్దీ దగ్గర వరసగా 16 లాకులు మెట్లలా దిగుతుంటాయి. ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగిన గోదావరి వాళ్లు మా గ్రూపుల్లో ఎవరున్నా అక్కడ గంటసేపు ఆగకుండా కదలరు. ఆ చోటు ఈసారి చూపించలేకపోతున్నందుకు నాకు బాధగానే ఉంది.

ఇక ఈ-బైకుల సంగతి. ఇక్కడ చట్టప్రకారం మోటారు 250 వాట్లు మించకూడదు, గంటకి 25 కిలోమీటర్లు దాటితే దాని సాయం ఆగిపోతుంది. అక్కడి నుంచి పాతిక కిలోల బరువు మీరే తొక్కాలి. మన ప్లాన్‌లో రెండుసార్లు లోకల్ రైలెక్కాలి. కొన్ని స్టేషన్లలో అంత బరువు మెట్ల మీద మోసుకుని దిగాలి. వద్దనడానికి ఇవే చాలు. అయినా దాచను, ఆ మనిషి అన్న మాటకి లొంగడం ఇష్టం లేకపోవడం కూడా ఒక కారణమే.

వేరే ఊళ్లో ఒక చిన్న షాపు వాళ్లు 28 మిల్లీమీటర్ల టైర్లున్న మంచి సైకిళ్లు ఇస్తామన్నారు. అద్దె ఎక్కువే, ఆ తేడా నేనే పెట్టుకుంటున్నాను. అసలు టెన్షన్ అంతా ఆ తర్వాత మొదలైంది. కంకర మీద నడవని సైకిళ్లతో ఎటు వెళ్లాలి? ట్రిప్ రద్దు చేద్దామంటే మీకు వీసాలు వచ్చేశాయి, సెలవులు శాంక్షన్ అయ్యాయి. రోడ్డు మీదికి తీసుకెళ్దామంటే కాకినాడ నుంచి కూతురితో వస్తున్న అక్క మాట గుర్తొచ్చేది. “హారన్ వినపడని చోట ఒక్క వారం తొక్కాలి తమ్ముడూ, అందుకే మీ దగ్గర పేరిచ్చాం” అన్నారావిడ. చాలా రాత్రులు మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను. తోటి ట్రిప్పుల వాళ్లు డి981 మీద తీసుకెళ్లిపో, తారు బాగుంటుందన్నారు. బుక్సీ, కోర్మాతాన్, క్లూనీ మీదుగా వెళ్లే పెద్ద రోడ్డు అది, లారీలు తిరుగుతాయి. ఎవరెన్ని చెప్పినా దాని మీదికి మిమ్మల్ని తీసుకెళ్లను.

ఫ్రాన్స్‌లో దాదాపు 35 వేల కమ్యూన్లున్నాయి. మన పంచాయతీల లాంటివి, కొన్నిటిలో వంద మంది కూడా ఉండరు. ఊరి రోడ్లు వాళ్ల బాధ్యతే. అందుకే అన్నన్ని చిన్న రోడ్లు, మ్యాపులో తెల్ల గీతలుగా కనిపించేవి, తారుతో ఉన్నాయి. పక్కనే మంచి పెద్ద రోడ్డున్న చోట ఈ తెల్ల గీతల మీదికి కారువాడు రాడు, వాడికి ఆ పనే లేదు. అలాంటి రోడ్లు వెతికి ఒక్కొక్కటీ తొక్కి చూశాను. తారు మధ్యలో గడ్డి వరస మొలిచిందా, దానిమీద చక్రం నలిపిన గుర్తుందా అన్నదే నా లెక్క. మనం వెళ్లబోయే ఒక రోడ్డు మీద ఉదయమంతా నాకు ఎదురైంది పోస్టు వాళ్ల పసుపు బండి, ఒక ట్రాక్టర్, అంతే.

మొదట ద్రాక్షతోటల మధ్య రోడ్లే ఎంచుకున్నాను. ఫొటోలకి బాగుంటాయి, మేలో ఖాళీగా ఉంటాయి. సెప్టెంబర్‌లో ద్రాక్ష కోతలు. కూలీల వ్యాన్లు, గంపల ట్రైలర్లు, వరసల మీదుగా నడిచే ఎత్తు ట్రాక్టర్లు పొద్దున్నుంచీ ఆ ఇరుకు రోడ్ల మీదే ఉంటాయి. అందుకని క్లూనీకి పడమటి వైపు మార్చాను. అటంతా పచ్చిక బయళ్లు, తెల్లటి షారోలె ఆవులు. ఆ పశువులకి కోతల హడావిడి లేదు కాబట్టి రోడ్లూ ప్రశాంతంగా ఉంటాయి. కాకపోతే కాలువ గట్టులా చదును కాదు, ఎక్కుళ్లున్నాయి. పెద్ద ఘాట్లేమీ కాదు, కానీ ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. దయచేసి ఈ రెండు నెలలు ఎత్తుల మీద ప్రాక్టీస్ చేయండి.

సెప్టెంబర్‌లోనే వేట సీజన్ కూడా మొదలవుతుంది. ఆదివారం అడవుల పక్కన తిరగడం నాకిష్టం లేదు. అందుకే ఆ రోజు రైలు దారి మీద ఉండేలా తేదీలు సర్దాను.

రోడ్డు మీద తొక్కేటప్పుడు కుడివైపే ఉండాలి. బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లకి దారివ్వాలి, అది సందులోంచి వచ్చిన ట్రాక్టరైనా సరే. ఊరి బయట సైకిల్‌ని దాటే కారు మీటరున్నర ఎడం వదలాలన్నది ఇక్కడి చట్టం. పల్లెల్లో మామూలుగా వదులుతారు. ముందొక గైడ్, వెనకొక గైడ్ ఉంటారు. వెనక నేనే ఉంటాను.

గివ్రీ–క్లూనీ దారి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 44 కిలోమీటర్లు, నున్నటి తారు, 1997లో ఫ్రాన్స్‌లో ఇలాంటి దారుల్లో మొట్టమొదటగా తెరిచింది అదే. క్లూనీ దాటాక బువా క్లేర్ సొరంగం 1.6 కిలోమీటర్లు, చలికాలంలో గబ్బిలాల కోసం మూసేస్తారు, మనం వెళ్లేసరికి తెరిచే ఉంటుంది. ఎండాకాలంలోనూ లోపల చలేస్తుంది, జాకెట్ మర్చిపోకండి.

రోడ్డు మీదికి అసలు రానన్నవాళ్లు మొదటి మూడు రోజులూ క్లూనీలోనే బస చేసి రైలు దారి మీద తొక్కవచ్చు. తోడుగా మనిషిని పెడతాను, అదనంగా ఒక్క రూపాయి తీసుకోను. అదీ వద్దనుకుంటే మాకు కట్టిన డబ్బంతా వాపసు ఇస్తాను. కాకినాడ అక్కకి ఇప్పటికే ఫోన్ చేసి చెప్పాను, కూతురితో మాట్లాడి చెప్తామన్నారు.

వచ్చే ఏడాది నుంచి అద్దె సైకిళ్లు ఉండవు. లోన్ పెట్టి సొంతంగా కొంటున్నాను, 35 మిల్లీమీటర్ల టైర్లతో. నివెర్నే కాలువ మళ్లీ ప్లాన్‌లోకి వస్తుంది.

మీరేం చేయదలచుకున్నారో జూలై 31 లోపు వాట్సాప్‌లో చెప్పండి. వచ్చేవాళ్లు చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య నుంచి నేల దాకా కొలత తీసి, ఎత్తుతో పాటు పంపండి. కొత్త షాపు వాళ్లకి జనవరి నాటి సైజులు పనికిరావు, వాళ్ల ఫ్రేములు వేరు.