రొద సంగీతానికీ కాస్త చోటివ్వండి

సంపాదకులకు,

ఆస్కార్ల ఊసు వస్తే మన పత్రికలు 2009లో రెహమాన్, 2023లో కీరవాణి దగ్గర ఆగిపోతాయి. సంతోషమే. కానీ 2011లో ‘127 అవర్స్’కి రెహమాన్ నేపథ్య సంగీతం విభాగంలో మళ్లీ పోటీలో నిలిచినప్పుడు, ఆ అవార్డు పట్టుకెళ్లిన వాళ్ల గురించి మనకు రాసినవాళ్లు తక్కువ. ‘ద సోషల్ నెట్‌వర్క్’ సినిమాకి ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ గెలిచారు.

రెజ్నర్ 1965లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోవడంతో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాడు. క్లీవ్‌లాండ్‌లో ఒక స్టూడియోలో నేల తుడవడం దగ్గర్నుంచి అన్ని పనులూ చేస్తూ, స్టూడియో ఖాళీగా ఉన్న వేళల్లో యజమాని అనుమతితో సొంత పాటలు రికార్డు చేసుకున్నాడు. వాయిద్యాలు చాలావరకు తానే వాయించాడు. వాటిలోంచే 1989లో ‘నైన్ ఇంచ్ నెయిల్స్’ పేరుతో తొలి ఆల్బమ్ వచ్చింది. యంత్రాల మోత, గీరుకుపోయే గిటారు, అడుగున మాత్రం శ్రద్ధగా కట్టిన రాగం. (మా ఇంట్లో పెడితే ఇప్పటికీ ‘ఆపెయ్’ అంటారు.) రెజ్నర్ రాయగా 1994లో వచ్చిన ‘హర్ట్’ పాటని 2002లో అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ వృద్ధాప్యపు గొంతుతో పాడాక, రొద కింద ఏముందో అందరికీ తెలిసింది.

మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం నుంచి బయటపడి రెజ్నర్ సినిమాల వైపు వచ్చాడు. పిల్లలూ చూసే ‘సోల్’కి 2021లో రాస్, జాన్ బాటిస్ట్‌లతో కలిసి రెండో ఆస్కార్ అందుకున్నాడు. మీ సినిమా పేజీలో హీరోల విహారయాత్రల ఫొటోలు ఒకటి తగ్గించి, ఇలాంటి సంగీతకారులపై నెలకొక వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ