అతి చిన్న వ్యాకరణం కోసం

సంపాదకుల వారికి,

డేటా కుదింపు గురించిన వ్యాసాలు సాధారణంగా జిప్ ఫైళ్ల దగ్గరే ఆగిపోతున్నాయి; వ్యాకరణ ఆధారిత పద్ధతులకూ చోటివ్వాలని నా మనవి. వీటిలో పదేపదే వచ్చే ముక్కకు ఒక సూత్రం రాసి, ఆ ముక్క ఉన్న ప్రతిచోటా సూత్రం పేరునే ఉంచుతారు; ఈ సూత్రాలన్నీ కలిస్తే ఆ పాఠానికి వ్యాకరణం. అయితే ఒక పాఠానికి అతి చిన్న వ్యాకరణాన్ని కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ సమస్య (అంటే, కచ్చితమైన జవాబును వేగంగా కనుక్కునే పద్ధతి ఇంతవరకు తెలియనిది) కనుక, ఆచరణలో హ్యూరిస్టిక్ అల్గారిథమ్‌లే (అతి చిన్నదని హామీ లేకున్నా, చాలావరకు చిన్న వ్యాకరణాన్ని త్వరగా ఇచ్చే పద్ధతులే) శరణ్యం.

1997లో నెవిల్-మానింగ్, విట్టెన్ వెలువరించిన సీక్విటర్ అనే అల్గారిథమ్, పాఠాన్ని మొదటి నుంచి చివరికి ఒక్కసారే చదువుతూ, పక్కపక్కనున్న రెండు గుర్తుల ఏ జతా వ్యాకరణంలో రెండోసారి కనిపించకుండా, ఒక్కచోటే వాడుకలో ఉన్న సూత్రమేదీ మిగలకుండా చూసుకుంటుంది. లార్సన్, మొఫాట్‌ల రీ-పెయిర్ మాత్రం మొత్తం పాఠాన్ని ముందుంచుకుని, అత్యధికంగా వచ్చే జతను కొత్త గుర్తుతో మార్చి, మళ్లీ లెక్కించి, ఏ జతా పునరావృతం కానంతవరకు అదే పని చేస్తుంది. దీనికి మెమొరీ ఎక్కువే కావాలి. అయినా పునరావృతి దండిగా ఉన్న జన్యుక్రమాల సంకలనాలకూ, ఒకే పత్రం తాలూకు అనేక ప్రతులకూ నేను దీనినే మెచ్చుకుంటాను.

కుదించిన పాఠాన్ని పూర్తిగా విప్పకుండానే అందులో వెతికే వీలు వ్యాకరణ రూపం వల్ల కలుగుతుంది. మీ విజ్ఞాన పుటలో ఈ అంశాన్ని ప్రత్యేకంగా వివరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు