ఇజెన్ బిలంలోకి దించే ముందు మీరు అడగాల్సిన ప్రశ్న

గుంటూరు,
జూన్ 3.

మేనేజర్ గారికి,
బందరు రోడ్డు ఆఫీసు,
విజయవాడ.

విషయం: బాలి ప్యాకేజీలో భాగంగా మే 17 రాత్రి జరిగిన ఇజెన్ అగ్నిపర్వతం ట్రెక్‌లో సేవాలోపం గురించి.

అయ్యా,

మే నెలలో మా కుటుంబం పది మందిమి మీ కంపెనీ ద్వారా బాలి వెళ్లొచ్చాం. హోటళ్ల గురించి, కార్ల గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. ఉల్లిపాయ కూడా ముట్టని మా అత్తగారికి ఆరు రోజులూ పప్పూ అన్నం దొరికేలా మీవాళ్లు చూసుకున్నారు. ఆ మేలు చెప్పకుండా తప్పొకటే చెప్పడం న్యాయం కాదు కాబట్టి ముందే చెబుతున్నాను. ఈ ఉత్తరం మాత్రం మే 17 రాత్రి గురించి. ఆ రాత్రి బాలి పక్క దీవి జావాలో, దాని తూర్పు భాగాన ఉన్న ఇజెన్ బిలంలో, అంటే అగ్నిపర్వతం నోట్లో, మావారికి ఊపిరాడలేదు. బయలుదేరే ముందు మీరు 'ఉబ్బసం ఉందా' అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆయన ఆ బిలంలోకి దిగేవారే కాదు.

మార్చిలో బుకింగ్‌కి వచ్చినప్పుడు మీ ఆఫీసు అబ్బాయి ఫోన్లో ఇజెన్ బిలంలోని నీలం మంటల వీడియో చూపించాడు. బాలి నుంచి ఒక రాత్రి వెళ్లి రావచ్చని, తలకి 11,500 రూపాయలు అదనమని చెప్పాడు. నడక ఎలా ఉంటుందని నేనే అడిగాను. "మంగళగిరి కొండెక్కినట్టే మేడం, గైడు పక్కనే ఉంటాడు, మాస్కులు కూడా మావే" అన్నాడు. ఆ మాట మామీద ఎంత పనిచేసిందో మీకు తెలియాలి. మంగళగిరి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమని, లోపలున్న గంధకం చల్లబడాలనే పానకాల స్వామికి బెల్లం పానకం పోస్తారని మా అమ్మమ్మ చెప్పేది. పెద్దవాళ్ల నోట విన్న మాట అది, నిజమో కాదో నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి ఆ మెట్లెక్కిన మాకు అగ్నిపర్వతమంటే భయం లేదు, భక్తే. మీవాడు ఆ కొండ పేరెత్తగానే మావారు "ఇంకేం, అందరం వెళ్దాం" అన్నారు. అత్తగారు హోటల్లో ఉండిపోయారు, తొమ్మిది మందిమి డబ్బు కట్టాం.

ఇజెన్ 2,769 మీటర్ల ఎత్తున్న పర్వతం. పాల్తుడింగ్ దగ్గర కార్లు ఆగిపోతాయి. అక్కడి నుంచి బిలం అంచుదాకా సుమారు మూడు కిలోమీటర్లు ఎక్కాలి. ఇక్కడిదాకా మీవాడి పోలిక సరిపోయిందనే అనుకుందాం. అంచు దాటాక రాళ్లమీదుగా నిటారుగా లోపలికి దిగాలి, అదీ చీకట్లో. ఎందుకంటే నీలం మంట పగలు కనిపించదు. పగుళ్లలోంచి వేడిగా తన్నుకొచ్చే గంధకపు వాయువులు గాలి తగలగానే అంటుకుంటాయి. నేను ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. గంధకం మండితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో పేరుకుంటుంది. తడి తగిలితే ఆమ్లమవుతుంది. మన కళ్లూ గొంతూ ఊపిరితిత్తులూ అన్నీ తడే. ఉబ్బసం ఉన్నవాళ్లు కొద్దిగా పీల్చినా శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. దానికి తోడు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గిందని ధైర్యపడితే ప్రాణం మీదికొస్తుంది. బిలం అడుగున కిలోమీటరు వెడల్పున్న సరస్సు ఉంది, మణిలా మెరుస్తుంది. దాని పీహెచ్ 0.5 కన్నా తక్కువ, అంటే చాలా తీవ్రమైన ఆమ్లం. మా ల్యాబ్‌లో అలాంటి ద్రవం ఉన్న సీసాను గ్లోవ్స్ లేకుండా పిల్లల్ని ముట్టుకోనివ్వను.

ఇవన్నీ తెలిసి ముందే ఎందుకు ఆలోచించలేదని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న నన్ను నేను రోజూ వేసుకుంటున్నాను. తెలిసిన పాఠమే అయినా, వీడియోలో మంట కనిపించింది గానీ గాలి కనిపించలేదు. మన దేశంలో నిప్పులు కక్కే కొండ అండమాన్‌లోని బ్యారెన్ దీవి ఒక్కటే, కాబట్టి మనకి వాటి అలవాటు లేదు. రోహిణీకార్తె ఎండలో ఎవరిని బయటికి పంపకూడదో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. బిలంలోని గాలి సంగతి అలా కాదు. అది తెలిసినవాళ్లు చెబితేనే తెలుస్తుంది. 'గైడుతో' అన్న మాటకి మేం డబ్బు కట్టింది అందుకే.

మీరు వాట్సాప్‌లో పంపిన టైములన్నీ బాలి టైములు. జావాలో గడియారం గంట వెనక. ఆ లెక్క ఎవరూ చూసుకోకపోవడంతో కొండ కింద చలిలో గంటసేపు కారులో కూర్చున్నాం. అది చిన్న విషయం, వదిలేస్తున్నాను.

వదిలెయ్యలేనిది ఆరోగ్య ధ్రువపత్రం. ఇజెన్ ఎక్కాలంటే అది ఉండాలి. గేటు దగ్గర మీ స్థానిక ఏజెంటు తొమ్మిది కాగితాలు తెచ్చి మాకు పంచాడు. మా ఒంటిమీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. టార్చి వెలుగులో నా కాగితం చూశాను, బీపీ 120/80. మావారిది చూశాను, 120/80. మా చెల్లెలి కొడుకు పద్నాలుగేళ్లవాడు, వాడిదీ 120/80. తొమ్మిదింటిలోనూ అదే అంకె, అదే చేతిరాత. మావారు పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు, చలికాలంలో ఇన్హేలర్ వాడతారు. ఆ కాగితం మీద ఆయన పూర్తి ఆరోగ్యవంతుడు. అది నిజంగా డాక్టరు చూసి రాసిన కాగితమై ఉంటే, ఆయన అంచు దగ్గరే ఆగిపోయేవారు.

తరవాత మాస్కులు. డబ్బా ఫిల్టరు ఉన్నవి ఐదే తెచ్చారు. మిగతా నలుగురికి కరోనా రోజుల్లో పెట్టుకున్న మామూలు బట్ట మాస్కులు ఇచ్చారు. అవి దుమ్మును ఆపుతాయి, వాయువును ఆపవు. పిల్లలకీ ఆడవాళ్లకీ మంచివి ఇవ్వమని మావారు బట్ట మాస్కు తీసుకున్నారు. ఇంటికొచ్చాక ఫొటో పెద్దది చేసి చూస్తే ఆ ఐదు మంచివి కూడా మంచివి కావు. ఫిల్టరు మీద గోధుమరంగు పట్టీ ఉంది. యూరప్ పద్ధతిలో ఆ రంగు పెయింటు లాంటివాటి ఆవిర్లకి. సల్ఫర్ డయాక్సైడ్‌కి పసుపు పట్టీ ఉండాలి. ఈ తేడా నాలాంటి టూరిస్టు చీకట్లో పట్టుకోవాలా, ఏటా జనాన్ని పంపే మీరు చూసుకోవాలా?

తొమ్మిది మందికి ఒక్కడే గైడు. ఆయన మంచివాడు. "పెలన్, పెలన్" అంటూ నెమ్మదిగా దించాడు. కింద గంధకం తీసేవాళ్లు కనిపించారు. పైపుల్లోంచి ఎర్రగా కారిన గంధకం చల్లారి పచ్చగా గడ్డకడితే, పగలగొట్టి రెండు బుట్టల్లో 70 నుంచి 90 కిలోల దాకా కావడి వేసుకుని అదే దారిలో పైకి మోస్తారు. వాళ్లకి దారి ఇవ్వడానికి మేం రాళ్లకి ఆనుకుని నిలబడ్డాం. నీలం మంటలు చూశాం. అందంగా ఉన్నాయి, కాదనను. ఐదు నిమిషాలు కాలేదు, గాలి మళ్లింది. తెల్లటి పొగ మా మీదికి దుప్పటిలా వచ్చి పడింది. కళ్లు మండిపోయి మూతపడ్డాయి. నాలుక మీద పుల్లటి మంట. పక్కన మావారు దగ్గడం వినిపించింది, తరవాత ఆ దగ్గు కూడా ఆగిపోయి ఈల వేసినట్టు సన్నటి శబ్దం మిగిలింది. ఇన్హేలర్ హోటల్లో సూట్‌కేసులో ఉంది. వెంట తెచ్చుకోమని మాకెవరూ చెప్పలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

గైడు ఒక్క క్షణం ఆలోచించలేదు. తన ముఖానికున్న మాస్కు తీసి మావారికి తొడిగాడు. మెడలోని తువ్వాలు నా బాటిల్ నీళ్లతో తడిపి తన ముక్కుకి కట్టుకున్నాడు. మావారి చెయ్యి తన భుజం మీద వేసుకుని పైకి నడిపించాడు. దారంతా ఆయనా దగ్గుతూనే ఉన్నాడు, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ భుజం మీద రాయిలాంటి కాయ ఉందని మావారు తరవాత చెప్పారు. గైడు కాకముందు ఆయన కూడా గంధకం మోసినవాడే. ఆ మాస్కు మీరిచ్చింది కాదు, ఆయన సొంత డబ్బుతో కొనుక్కున్నది. ఆయన మావారిని నడిపిస్తుంటే మిగతా ఏడుగురినీ నేను చీకట్లో చేతులు పట్టుకుని పైకి తెచ్చాను. ఇంకో గైడు ఉంటే ఆ అవసరం వచ్చేది కాదు.

బన్యువాంగి అనే ఊళ్లో ఒక క్లినిక్‌లో మావారికి నెబ్యులైజర్ పెట్టారు. మధ్యాహ్నానికి తేరుకున్నారు. బిల్లు మేమే కట్టాం. విజయవాడ వచ్చాక మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "గాలి ఎటు తిరుగుతుందో మాకేం తెలుసు మేడం, అది నేచర్" అని చేతులు దులుపుకున్నారు. గాలి తిరగడం మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. తిరుగుతుందని తెలిసినప్పుడు మాస్కు ఇవ్వడం మీ చేతుల్లోనే ఉంది. 2018 మార్చిలో ఇదే ఇజెన్ నుంచి విషవాయువు ఎగదన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. 2019 డిసెంబర్ 9న న్యూజిలాండ్‌లోని వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు, వాళ్లలో 22 మంది చనిపోయారు. ఎక్కువమంది మాలాగే డబ్బు కట్టి గైడ్ల వెంట వెళ్లినవాళ్లు. ఇవి దాచిన సంగతులు కావు. ఈ టూరు అమ్మేవాళ్లకి తెలిసి తీరాలి.

ఇజెన్ కోసం మేం కట్టిన 1,03,500 రూపాయలు, క్లినిక్ బిల్లు మాకు వాపసు ఇవ్వాలి. డబ్బు కన్నా నాకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఈ టూరు బుక్ చేసుకునే ప్రతి ఒక్కరినీ 'మీకు ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, గర్భవతా' అని తెలుగులో రాతపూర్వకంగా అడగండి. ఉందన్నవాళ్లకి అంచు దగ్గర నుంచే చూపించండి, వాళ్ల దగ్గర ఒక మనిషిని ఉంచండి. ధ్రువపత్రం డాక్టరు చూసి రాసిందే కావాలని మీ ఏజెంటుకి చెప్పండి. మనిషికొక సరైన ఫిల్టరు మాస్కు, నలుగురికొక గైడు ఇవ్వలేకపోతే కిందికి దించకండి. మంగళగిరి పోలిక ఇంకెవరికీ చెప్పవద్దని ఆ అబ్బాయికి నచ్చజెప్పండి. చిన్నవాడు, తాను చూడని చోటుని అమ్ముతున్నాడు. అతని ఉద్యోగానికి ఇబ్బంది రావాలని నేను కోరుకోవడం లేదు.

ఆ గైడుకి మీ ఖర్చుతో కొత్త మాస్కు, కనీసం రెండేళ్లకి సరిపడా ఫిల్టర్లు పంపించండి. పంపినట్టు రసీదు నాకు చూపించండి. ఆ రోజు మేం ఇవ్వబోయిన డబ్బు ఆయన తీసుకోలేదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు వేస్తాను. ఆ చట్టం ప్రకారం నేనుండే గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. రసీదులు, క్లినిక్ బిల్లు, 120/80 అని రాసిన తొమ్మిది కాగితాల ఫొటోలు, మాస్కు ఫిల్టరు ఫొటో దీనితో జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
కెమిస్ట్రీ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు.