ఆర్కిటెక్చర్ వదిలి బొమ్మల్లోకి వెళ్లిన ఎడ్ యంగ్ గురించి మా అమ్మాయికి

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడమే నీ పని కావాలనిపిస్తోందనీ, ఆర్కిటెక్చర్ చదువుకు అంత ఖర్చు పెట్టించాక ఈ మాట నాన్నతో ఎలా చెప్పాలో తెలియడం లేదనీ రాశావు. ఆ మాట నేనే చెప్పాను. కోప్పడలేదు. “ఆ దారిలో వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని మాత్రం అడిగారు. అమెరికాలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసిన ఎడ్ యంగ్ గురించి చెప్పాను. నీకూ చెప్పాలని కూర్చున్నాను.

ఆయన 1931లో చైనాలోని తియాంజిన్‌లో పుట్టి షాంఘైలో పెరిగారు. తండ్రి ఇంజనీరు. స్థలం కొనే స్తోమత లేక, ఒక స్థలం యజమానితో ఒప్పందం కుదుర్చుకున్నారు: ఇల్లు నేను కడతాను, ఇరవై ఏళ్లు మమ్మల్ని ఉండనివ్వండి, ఆ తర్వాత ఇల్లు మీది. జపాన్‌తో యుద్ధం నడిచిన రోజులవి. ఆ ఇంట్లో అయిదుగురు పిల్లలతో పాటు బంధువులు తలదాచుకున్నారు, జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన ఒక కుటుంబమూ ఉంది. దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, 2011లో, ఆ ఇంటి మీదే ఒక పుస్తకం చేశారు. పాత ఫొటోలు, కత్తిరించిన కాగితాలు, గీతలు కలిపి, మడతలు విప్పుకుంటూ చూసే పేజీలతో ఆ ఇంటిని మళ్లీ నిలబెట్టారు. ఇళ్ల ప్లాన్లు గీసే నీకు ఆ పుస్తకం ఎవరికన్నా బాగా అర్థమవుతుంది.

అమెరికాకు 1951లో వెళ్లారు, నీలాగే విద్యార్థి వీసా మీద, నీలాగే ఆర్కిటెక్చర్ చదవడానికి. చైనీయుల వలసను నిషేధించిన చట్టాన్ని ఆ దేశం రద్దు చేసి అప్పటికి ఎనిమిదేళ్లే. రద్దు చేశాక కూడా ఏడాదికి 105 మందికే చోటిచ్చింది. అలాంటి కాలంలో, పరాయి దేశంలో, ఒక కుర్రవాడు భద్రమైన చదువు వదిలి లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ట్ సెంటర్ అనే కళాశాలలో చేరాడంటే, ఆ ఇంట్లో ఎంత ఆలోచన పడి ఉంటుందో తల్లిగా నాకు తెలుస్తుంది. 1957లో అక్కడ చదువు ముగించి, న్యూయార్క్ వెళ్లి ప్రకటనల రంగంలో చేరారు.

నువ్వు బాగా చూడాల్సింది ఈ ఘట్టం. ఉద్యోగం చేస్తూనే మధ్యాహ్న భోజన విరామంలో సెంట్రల్ పార్క్ జూకు వెళ్లి జంతువుల బొమ్మలు గీసేవారు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. జంతువు మెడ తిప్పితే భుజం ఎలా కదులుతుందో, పడుకుంటే బరువు ఎటు ఒరుగుతుందో చూసి చూసి చేతికి నేర్పించుకున్నారు. ఆ కాలంలోనే హార్పర్ ప్రచురణ సంస్థ సంపాదకురాలు అర్సులా నార్డ్‌స్ట్రమ్ ఆయనకు ఒక కథల పుస్తకం అప్పగించారు. 1962లో వచ్చింది. ఈ ఒక్కటి చేసి ఊరుకుందామనుకున్న మనిషి ఆ తర్వాత ఎనభైకి పైగా పుస్తకాలకు బొమ్మలు వేశారు.

మా బడి గ్రంథాలయంలో ‘లోన్ పో పో’ ఉంది. ఎర్ర టోపీ పిల్ల, తోడేలు కథ (రెడ్ రైడింగ్ హుడ్) ఉంది చూడు, దానికి చైనా రూపం. ఆయనకు 1990లో కాల్డెకాట్ పతకం, అంటే అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి, తెచ్చిన పుస్తకం. అమ్మమ్మను చూడటానికి తల్లి వెళ్లిన రాత్రి, తోడేలు అమ్మమ్మ వేషంలో ముగ్గురు అక్కచెల్లెళ్ల ఇంటికి వస్తుంది. వస్తూనే దీపం ఊదేస్తుంది. చీకట్లో పిల్లకు తోక తగిలితే, నీకు బుట్ట అల్లడానికి జనపనార తెచ్చానంటుంది. గోరు గుచ్చుకుంటే, చెప్పులు కుట్టడానికి ఆరె తెచ్చానంటుంది. ఈ పుస్తకం మూడో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తూ పేజీలు చూపించాను. ఒక్కో బొమ్మనూ చైనా తెరల్లాగా నిలువు పలకలుగా విడగొట్టారాయన. ఒక పలకలో పిల్లల ముఖాలు, పక్క పలకలో పూర్తిగా కనిపించని ఆ మృగం. పెద్ద పిల్ల దీపం వెలిగించి ఆ బొచ్చు ముఖాన్ని ఒక్క క్షణం చూసే చోటుకు వచ్చేసరికి, వెనక బెంచీల వాళ్లు లేచి ముందుకు వచ్చేశారు. పిల్లలు భయపడతారని ఆయన తోడేలును మెత్తబరచలేదు. ఎర్ర టోపీ పిల్ల కథలోలా ఆ పిల్లలను కాపాడటానికి వేటగాడూ రాడు. చెట్టెక్కి, తాడు కట్టిన బుట్టలో తోడేలును పైకి లాగి వదిలేది వాళ్లే. అన్నట్టు, ఆ పుస్తకాన్ని ఆయన లోకంలోని తోడేళ్లకు అంకితమిచ్చారు, మనలోని చీకటికి తమ పేరును అరువిచ్చినందుకు.

నా మట్టుకు నాకు ఏడు గుడ్డి ఎలుకల పుస్తకం ఇంకా ఇష్టం. 1992 నాటిది. మన అంధగజ న్యాయమే, మనుషుల బదులు ఎలుకలు, అంతే. నల్లటి పేజీ మీద కత్తిరించిన కాగితాల రంగులు. ఎర్ర ఎలుక కాలును తాకి స్తంభమంటుంది, స్తంభం ఎర్రగానే కనిపిస్తుంది. ఆకుపచ్చ ఎలుక తొండాన్ని పామంటుంది, పాము ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎవరి రంగు వాళ్ల కళ్లకు అడ్డమొస్తుందని ఎక్కడా రాయకుండానే పసివాళ్లకు తెలిసిపోతుంది. ఇక నేపాల్ కథతో చేసిన గంప పుస్తకం తెరిస్తే మీ అమ్మమ్మ గుర్తొస్తుంది. ముసలివాణ్ణి గంపలో పెట్టి వదిలేయడానికి బయలుదేరిన తండ్రితో, గంప మాత్రం తిరిగి తెమ్మని, నీకూ పనికొస్తుందని కొడుకు అంటాడు. తాత మట్టి మూకుణ్ణి మనవడు దాచిపెట్టే మన కథకు అది తోబుట్టువు. ఆయన్ను చైనా కథల బొమ్మల కళాకారుడని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు, నాకది నచ్చదు. పర్షియా సూక్ష్మచిత్రాల తీరులోనూ వేశారు, జపాన్ పిల్లి కథకూ వేశారు.

ఆ పిల్లి పుస్తకం, ‘వాబి సాబి’, నాన్నను బాగా ఆలోచింపజేసింది. పూర్తయిన బొమ్మలన్నీ, అచ్చుకు పోకముందే, కనిపించకుండా పోయాయి. ఆయన మళ్లీ మొదటినుంచి మొత్తం చేశారు. 2008లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరు దాటాయి. “మళ్లీ చేయగలిగాడంటే బొమ్మలు పోయినా పని చేతిలో ఉందన్నమాట” అన్నారు మీ నాన్న. ఆయన నోట ఆ మాట విని నాకు ధైర్యం వచ్చింది. ఎడ్ యంగ్ 2023లో పోయారు, తొంభై ఒక్క ఏళ్ల వయసులో.

కనుక మా మాట ఇది. బొమ్మలు వెయ్యి. మేం అడ్డం రాము, ఖర్చు గురించి దిగులు పడకు. ఈ డిగ్రీ మాత్రం పూర్తి చెయ్యి. వీసా మీద బయటి పని ఎంతవరకు చేయవచ్చో మీ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసేవారిని అడుగు, స్నేహితుల మాట నమ్మి ఏదీ ఒప్పుకోకు. ఈలోగా దగ్గర్లో జంతువులో, పిల్లలు ఆడుకునే చోటో ఉంటే రోజూ కాసేపు కూర్చుని గీయి. కంప్యూటర్ మీద కాదు, పెన్సిలుతో.

ఇంకో కోరిక. మీ అమ్మమ్మ చెప్పే ఏడు చేపల కథకు ముప్ఫై రెండు పేజీల చిత్తు బొమ్మలు వేసి పంపు. పుస్తకాలకు సాధారణంగా అన్ని పేజీలే ఉంటాయట. చీమకు కోపం వచ్చే పేజీలో ఏ పిల్లా ముద్దుగా నవ్వి ఊరుకోకూడదు, చెయ్యి వెనక్కి లాక్కోవాలి. మా మూడో తరగతికి చూపించి, ఏ పేజీలో దిక్కులు చూశారో ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆవకాయ, కందిపొడి నాన్న ఈ వారమే పంపిస్తారు.

మీ అమ్మ