ఆదివారం ఘంటసాల పాటిదిబ్బ, కాస్త చదివి రండి

అందరికీ నమస్కారమండీ. ఆదివారం ఉదయం ఐదున్నరకి బెజవాడ బస్టాండు దగ్గర కలుద్దాం. ఉయ్యూరు, పామర్రు మీదుగా ఘంటసాల. పాటిదిబ్బంటే పాతకాలపు ఊరు మట్టిలో కలిసిపోయి మిగిలిన దిబ్బ. ఆలస్యమైతే ఎండకి దిబ్బ మీద నిలబడలేం.

తవ్వడానికి కాదు, నడవడానికే వెళ్తున్నాం. తాళ్లు కట్టి గళ్లుగా విడగొట్టి, గడికి ఇద్దరు. పైకి కనిపించే పాత కుండపెంకులు లెక్కపెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఉన్నచోటే వదిలేయాలి. పూసైనా సరే, జేబులో వేసుకోవద్దు. ఎక్కడ దొరికిందో తెలియని పెంకు ఉత్త పెంకే. అక్కడి బౌద్ధ స్తూపం కంచె లోపల కొలతలు తీయం.

సన్నటి బూడిదరంగు పెంకు లోపలి అడుగున, సూదితో పొడిచినట్టు వరసగా గాట్లు కనిపిస్తే కేకేయండి. అది రౌలెటెడ్ వేర్ అనే పాతకాలపు మట్టిపాత్రల రకం. ఒకప్పుడు రోము సరుకనుకున్నారు, మన దేశపుదేనని తర్వాత తేలింది. పాతకాలపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కంటకోస్సిల అనే వర్తకపు రేవు ఈ ఊరేనని చాలామంది పండితుల మాట. ఇప్పుడేమో సముద్రం కనుచూపు మేరలో లేదు. కృష్ణ ఒండ్రు తీరాన్ని అంత దూరం నెట్టేసింది.

ఊళ్లో పెద్దవాళ్లని తప్పకుండా పలకరించండి. పాటిమన్ను, అంటే ఇలాంటి దిబ్బల మన్ను, బండ్లకెత్తి ఎరువుగా తోలడం మన వైపు పాత అలవాటు. చేలో దొరికిన పెంకు అక్కడిదేనా, మన్నుతో వచ్చిందా అన్నది వాళ్లే చెప్పాలి. రైతుని అడక్కుండా చేలోకి దిగొద్దు.

పోయినసారి నా చీటీలు మంచుకి తడిసి రెండు గళ్ల లెక్కలు కలిసిపోయాయి. ఈసారి పెన్ను వద్దు, పెన్సిల్ తెచ్చుకోండి. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా పేరు పెట్టండి. టిఫిన్ పామర్రులో.